ఆళ్ళగడ్డలో వెనక్కి తీసుకున్న చీటీ

ఆళ్ళగడ్డ వెళ్తున్నానని చెప్పగానే మా గుంటూరు కాలేజీ స్టాఫ్ రూములో ముగ్గురు మూడు రకాలుగా భయపెట్టారు. ఒకాయన అక్కడ తాగడానికి నీళ్ళు దొరకవన్నాడు. ఒకావిడ ఆ ఎండకు మాడిపోతావంది. మూడో ఆయన తలుపు వైపు చూసుకుని, గొంతు తగ్గించి, నాటు బాంబుల సంగతి చెప్పాడు. నీళ్ళు దొరికాయి. ఎండ మా గుంటూరు ఎండకు తమ్ముడే. బాంబులు నాకెక్కడా కనబడలేదు. అయినా తిరిగొచ్చి నెల దాటినా నేనింకా తేరుకోలేదు. దెబ్బ నేను కాచుకోని వైపు నుంచి తగిలింది.

ముందు నా సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా వైద్య విద్యార్థులకు మందుల శాస్త్రం చెబుతున్నాను. పట్టా ప్రకారం డాక్టర్నే గానీ, ఒక మనిషి నాడి పట్టి చూసి కూడా ఇంచుమించు అంతకాలమే అయింది. మెదడు పాఠాలంటే నాకు ప్రాణం. నేను ఆ పాఠం చెబుతుంటే వెనక బెంచీలు కూడా వింటాయని పేరు. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా. ఈ గర్వం సంగతి గుర్తుంచుకోండి.

మా గ్రంథాలయం ముందు పెట్టడానికి ఆళ్ళగడ్డ శిల్పి ఒకాయనకు సరస్వతి విగ్రహం చెప్పాం. ఇస్తానన్న గడువు దాటి ఆరు నెలలైంది. ఉత్తరం రాస్తే "కండ్లు తప్ప అన్నీ అయినాయి" అని ఒకే ముక్క జవాబు. వెళ్ళి చూసి రమ్మని నన్ను పంపారు.

నంద్యాల, మొదటి పొద్దు

చిన్న గేజి రైలు నల్లమల అడవిని నింపాదిగా దాటించి నంద్యాలలో దించింది. ఎనభైల్లో ఒక ఫిబ్రవరి నెల అది, గాలి ఇంకా చల్లగానే ఉంది. బస్టాండు ఎదురుగా హోటల్లో ఇడ్లీ అడిగితే, సర్వరు నా ముఖం చూసి "ఉగ్గాని తినమ్మా, ఇడ్లీ ఈ పొద్దు బాగలేదు" అన్నాడు. హోటలువాడే తన ఇడ్లీ బాగాలేదనడం మా వైపు నేనెరగను. ఉగ్గాని అంటే మన మరమరాలే. మనం పిల్లలకు సాయంత్రం దోసిట్లో పోసే మరమరాలను వీళ్ళు నీళ్ళలో ముంచి, గట్టిగా పిండేసి, ఉల్లిపాయలూ పుట్నాల పొడీ వేసి తాలింపు పెడతారు. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు ముప్పావలా. రెండు ప్లేట్లు తిన్నాను, దాచడమెందుకు.

ఆళ్ళగడ్డ బస్సు రాగానే జనం కిటికీల్లోంచి సీట్ల మీదికి తువ్వాళ్ళు విసిరారు. ఇది మనకూ తెలిసిన విద్యే. నేను తోసుకుంటూ ఎక్కేసరికి ఖాళీగా ఉన్న సీట్లన్నిటి మీదా ఏదో ఒక గుడ్డ ఉంది. ఒక నీలం గళ్ళ తువ్వాలు పక్కకు నెట్టి కూర్చోబోయాను.

"యాడ కూచుంటాండావమ్మా? తువ్వాలు కనపల్లేదా?" అన్నాడు వెనకనుంచి ఒక గడ్డపాయన.

"తువ్వాలు కూర్చుంటుందా? మనిషి కూర్చోవాలా?" అన్నాను.

"మనిషి ఎక్కుతాండాడు కదా. అంతవరకు తువ్వాలే మనిషి."

ఇంత మాటన్నవాడు, బస్సు కదిలాక సర్దుకుని సగం సీటు ఇచ్చాడు. పేరు ఖాదర్. ఆళ్ళగడ్డలో మందుల షాపట. నేను మందుల పాఠం చెబుతానంటే "అయితే మనం ఒకటే లైను" అని నవ్వాడు.

ఆ తువ్వాలు నాకు తెగ నచ్చింది. మెదడులో ఒక కణం ఇంకో కణానికి కబురు చెప్పాలంటే చిటికెడు రసాయనం వదులుతుంది. అది వచ్చి కూర్చోవడానికి అవతలి కణం మీద సీట్లుంటాయి. రిసెప్టర్లు అంటాం. కూర్చుంటేనే కబురు అందినట్టు. మనం ఒక పని నేర్చుకోవడం, దాన్ని గుర్తుంచుకోవడం, చెయ్యి అనుకున్నచోట ఆపడం, అన్నీ ఆ కూర్చోవడం మీదే ఆధారపడి ఉంటాయి. కొన్ని మందులు ఆ సీట్ల మీద తువ్వాలు వేస్తాయి. కూర్చోవాల్సినవాడు వచ్చి, చోటు లేక నిలబడిపోతాడు. ఇన్నేళ్ళూ తాళం, తాళంచెవి అంటూ చెప్పుకొస్తున్నాను, ఇదెంత బాగుంది అనుకుని, కుదుపుల్లోనే నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది.

ఆళ్ళగడ్డ, కళ్ళు లేని సరస్వతి

శిల్పుల వీధి ఎక్కడని అడగక్కర్లేదు. ఉలి దెబ్బల చప్పుడు వెంట నడిస్తే అదే తీసుకెళ్తుంది. వీరాచారి శాలలో మా సరస్వతి గోనెపట్టా కప్పుకుని ఉంది. తమ్ముడు మౌనాచారి పట్టా తీశాడు. నల్లరాతి మీద వీణ తీగలు లెక్కపెట్టేలా ఉన్నాయి, వేళ్ళకు గోళ్ళున్నాయి. కళ్ళుండాల్సిన చోట మాత్రం నున్నగా రెండు ఉబ్బులు. నిద్రపోతున్నట్టు కూడా లేదు. ఒక్క అడుగు వెనక్కి వేశాను.

"కండ్లు ఆఖర్న," అన్నాడు వీరాచారి. అరవై ఏళ్ళ మనిషి. స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. "తక్కిందంతా తమ్ముడు చెక్కినాడు. కండ్లు ఇంటి పెద్దోడే తెరవల్ల. దానికి ఉలి వేరే ఉండాది."

లేచి చూపిస్తానన్నాడు. లేవడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. నడిస్తే కాళ్ళు నేలను రాసుకుంటున్నాయి, చేతులు ఊగడం లేదు, ముఖంలో రెప్పపాటు కూడా తక్కువ. రెండు చేతుల బొటనవేళ్ళూ మాత్రలు చుడుతున్నట్టు వణుకుతున్నాయి. నా పాఠ్యపుస్తకంలో బొమ్మ లేచి నడిచినట్టుంది. నాకు లోపల్లోపల ఉత్సాహం వచ్చిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆయన భార్య ఈశ్వరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కథ చెప్పింది. వీళ్ళ ఇంట్లో ఆనవాయితీ ఏమిటంటే, విగ్రహానికి కళ్ళు తెరిచినవాడు నేరుగా ఆ కళ్ళలోకి చూడకూడదు. పక్కన ఇంకొకరు అద్దం పట్టుకుంటారు, తొలి చూపు అద్దంలోనే చూడాలి. రెండేళ్ళ కిందట ఒక అమ్మవారికి కళ్ళు తెరుస్తుండగా ఈయనకు తల తిరిగింది. పడిపోకుండా విగ్రహాన్నే పట్టుకున్నాడు. ఆ పట్టుకోవడంలో చూపు నేరుగా కళ్ళలో పడింది. కొన్ని వారాలకే చేతులు వణకడం మొదలు.

"అమ్మవారు పట్టింది మా. ఇంకేముంది," అంది ఈశ్వరమ్మ.

నేనుండగా అలాంటి మాట ఎలా ఒప్పుకుంటాను? అక్కడే ఒక రాతి దిమ్మ మీద కూర్చుని పాఠం చెప్పాను. ఇది దేవత కోపం కాదన్నాను. మెదడు అడుగున ఒక రకం కణాలుంటాయి, చేతికి నేర్పు కబురు మోసేవి అవే, అవి ఎండిపోతున్నాయన్నాను. ఎండినవి తిరిగి చిగురించవన్నాను. మందు ఉంది, వణుకు కొంత తగ్గుతుంది, కానీ పాత చెయ్యి రాదన్నాను. స్పష్టంగా, నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టే చెప్పాను.

ఈశ్వరమ్మ ఏడ్చింది, కానీ అమ్మవారి కోపం కాదన్నందుకు ఏదో బరువు దిగినట్టు కూడా కనిపించింది. వీరాచారి తన చేతులు చూసుకున్నాడు.

"అయితే చెయ్యి పోయినట్టే," అన్నాడు. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "రేపు శుక్రవారం. పదిగంటలకు కంటి ఉలి నీకిస్తా. నువ్వు తెరుద్దువు" అన్నాడు.

కంటి ఉలి వాళ్ళ తాతది. పసుపు పూసి తమలపాకులో పెట్టి ఇస్తారు. ఒకసారి ఇచ్చినవాడు మళ్ళీ జన్మలో దాన్ని ముట్టకూడదు, ఏ విగ్రహానికీ కళ్ళు తెరవకూడదు. మౌనాచారి సంతోషిస్తాడనుకున్నాను. అతను తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

లాడ్జికి వెళ్తానంటే ఈశ్వరమ్మ ఒప్పుకోలేదు. దీపాలు పెట్టే వేళకే జొన్నరొట్టె, ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి, వంకాయ పులుసు వడ్డించింది. రొట్టె చేత్తో తట్టే చప్పుడు ఉలి చప్పుడు లాగే లెక్కగా ఉంది. మా వైపు అతిథి చాలన్నాక కూడా వడ్డించడం మర్యాద. ఇక్కడ చాలంటే ఆపేశారు. నాకు ఇంకోటి కావాలని ఉంది, కానీ మాట జారాక ఏం చేస్తాం. ఒక జబ్బును చూడగానే గుర్తుపట్టానన్న తృప్తితో పడుకున్నాను.

శుక్రవారం, ఎనిమిది గంటలు

పొద్దున్న ఈశ్వరమ్మ మొగుడికి గ్లాసుడు రాగి అంబలి ఇచ్చి, గూట్లోంచి రేకు డబ్బా తీసి, చిన్న మాత్ర ఒకటి ఆయన నోట్లో వేసింది.

"ఏం మాత్ర అది?" అన్నాను.

"తల తిరిగేదానికి మా. అప్పుడు పెద్దాసుపత్రి డాక్టరు రాసిచ్చినాడు."

"ఇంకా తల తిరుగుతోందా?"

"లేదు మా. అది వారానికే పోయింది."

డబ్బా అడిగి తీసుకున్నాను. మాత్రల పట్టీ వెనక పేరు చదివాను. మళ్ళీ చదివాను.

అది తల తిరుగుడుకు మంచి మందే, పది రోజులకు. నెలల తరబడి వేస్తే, మెదడులో చేతికి కబురందే సీట్ల మీద తువ్వాలు వేసి కూర్చుంటుంది. కణాలు బతికే ఉంటాయి, కబురు పంపుతూనే ఉంటాయి, అందుకునే చోటు ఉండదు. మనిషి చూడ్డానికి అచ్చం ఆ ముసలి వణుకు జబ్బు మనిషిలాగే తయారవుతాడు. ప్రతి ఏడూ ఈ మందు పేరు నేనే బోర్డు మీద రాస్తాను. దాని కింద ఇంకో వాక్యం రాసి రెండు గీతలు కొడతాను: చేతులు వణుకుతున్న మనిషి కనబడితే, ముందు ఏ మందులు వాడుతున్నాడో అడగండి.

నేను అడగలేదు. రెండు చేతులూ ఒక్కసారే, వారాల్లో మొదలయ్యాయని ఆవిడ చెబితే కూడా ఆగలేదు. ఆ జబ్బు సాధారణంగా ఒక చేత్తో మొదలై ఏళ్ళ మీద పాకుతుంది. ఇదీ నేను చెప్పే పాఠమే. రాతి దిమ్మ మీద కూర్చుని ఒక మనిషి చేతులకు మరణశాసనం చదివి, వచ్చి రొట్టెలు తిని పడుకున్నాను.

"చీటీ ఉందా?" అని అడిగాను.

దేవుడి పటం వెనకనుంచి తీశారు. మడతల దగ్గర చిరిగితే క్యాలెండరు కాగితం అంటించారు. తారీఖు దాదాపు రెండేళ్ళ కిందటిది. పది రోజులని స్పష్టంగా రాసి ఉంది.

"పది రోజులేనయ్యా ఇది. రెండేళ్ళు ఎలా వేశారు?"

వీరాచారి నన్ను విచిత్రంగా చూశాడు. "పది దినాలకు మళ్ళా పోతిమి. ఆయన బదిలీ అయిపోయినాడు. చాలు అని చెప్పేటోడు లేడు. మా పనిలో అంతేనమ్మా. విగ్రహం చెప్పినోళ్ళు కొలత చీటీ ఇస్తారు. ఇచ్చినోడు వచ్చి చీటీ వెనక్కి తీసుకునేదాక పని ఆపకూడదు. మధ్యలో మనంతట మనం ఆపితే ఆ రాయికి కీడు. డాక్టరు చీటీ మాత్రం వేరేనా?"

ఈ మనిషిది అజాగ్రత్త కాదు. రెండేళ్ళలో ఒక్క పూట తప్పించలేదు. ఆ శ్రద్ధే ఆయన కొంప ముంచింది.

ఖాదర్ షాపులో

మాత్రలు నిజంగా అన్నాళ్ళూ ఆగకుండా కొన్నారా అన్నది తేలాలి. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బజారుకు పరిగెత్తాను. ఒక చెప్పు వారు తెగింది. ఖాదర్ నన్ను చూసి స్టూలు తుడిచి వేశాడు, నేను కూర్చోలేదు.

"ప్రతి నెలా పట్టుకపోతాండారు. ఒక్క నెల కూడా తప్పలే," అన్నాడు. "ఏం మేడం?"

చెప్పాను. తువ్వాలు ఉదాహరణతోనే చెప్పాను. అతను వింటూ వింటూ చేతిలో సీసా బల్ల మీద పెట్టేశాడు.

"చీటీ లేకుండా నేను ఎవురికీ ఇయ్యను మేడం. నా షాపుకు ఆ పేరుంది. చీటీ ఉండాదా లేదా అని చూస్తా. తారీఖు చూడల్లని నాకు ఎవురూ చెప్పలే." చిట్టా పుస్తకం తిరగేసి, "ఇంకా ముగ్గురుండారు. ఇదే మాత్ర. ఒకామె గోస్పాడు నుంచి వచ్చి పట్టుకపోతాది. ఆమెకూ నడక రాదు. వయసు అనుకున్న్యా" అన్నాడు.

మనం ఒకటే లైనని నిన్న బస్సులో అతనన్నది ఎంత నిజమో అప్పుడు తెలిసింది. అతను చీటీ చూస్తాడు, నేను పుస్తకం చూస్తాను, మనిషిని చూసింది ఎవరూ లేరు.

శాలలో, పది గంటలు

నేను తెగిన చెప్పు చేత్తో పట్టుకుని వచ్చేసరికి పూజ అయిపోయింది. వీరాచారి ఆకులో పెట్టిన ఉలిని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. ఆకు వణుకుతోంది. మౌనాచారి వంగి దోసిలి పట్టాడు.

"ఆగండి," అన్నాను. "ఇవ్వొద్దు."

మౌనాచారి దోసిలి తీయకుండానే తల తిప్పాడు. "ఏందమ్మా?"

"ఆ చెయ్యి పోలేదేమో. ఆ మాత్ర పట్టి ఉంచిందేమో. రెండు మూడు నెలలు ఆగాలి."

"నిన్న పోయిందంటిరి. ఈ పొద్దు వస్తాదంటాండారు. రాత్రంతా మా వదిన ఏడ్చింది. మీ మాటకు నిలకడ లేదా?"

"లేదు," అన్నాను. "నిన్న అడగాల్సింది అడక్కుండా చెప్పాను. తప్పు నాదే. ఇవాళ కూడా కచ్చితంగా చెప్పలేను. రాకపోవచ్చు కూడా. కానీ ఉలి చేతులు మారితే మళ్ళీ రాదన్నారు కదా. అందుకే ఆగమంటున్నాను."

ఇన్నేళ్ళలో నా తప్పు అని నలుగురి ముందు అన్నది అదే మొదటిసారి. వీరాచారి నా వైపు తిరిగాడు. కదలని ఆ ముఖంలో ఏముందో తెలుసుకోలేకపోయాను. చివరికి ఆకును మెల్లగా పీట మీద దించాడు. మౌనాచారి నిటారుగా లేచి నిలబడి గట్టిగా ఊపిరి వదిలాడు. ఉలి తనకు రానందుకు ఆ మనిషి ముఖం విచ్చుకుంది.

మళ్ళీ నంద్యాల

మర్నాడు అందరం నంద్యాల వెళ్ళాం. అక్కడ ఒక పెద్ద డాక్టరు గారు, నాకంటే పదేళ్ళు పెద్దాయన, వీరాచారి చేతులు వంచి, చాచి, నడిపించి, లేపి కూర్చోబెట్టి, పావుగంట చూశారు. ఆయన మొదట అడిగిన ప్రశ్న, "ఏం మాత్రలు వాడుతున్నావయ్యా?" నేను గోడ వైపు చూశాను. ఆ మాత్ర ఆపేయాలని, నెలనెలా వచ్చి చూపించుకోవాలని చెప్పి, "చాలావరకు వస్తుందనే అనుకుంటాను" అన్నారు.

అంతా విని వీరాచారి, "మంచిది సార్. కానీ ఈ చీటీ మీరు రాయలే కదా. రాసినోడు వెనక్కి తీసుకోవల్ల" అన్నాడు.

పెద్ద డాక్టరు గారు నవ్వలేదు. నన్ను చూపించి, "ఆ డాక్టర్లను తయారు చేసే పంతులమ్మ ఈవిడే" అన్నారు.

వీరాచారి ఆలోచించాడు. "గురువు తీసుకుంటే చెల్లుతాది" అన్నాడు. చీటీ రెండు చేతుల్లో పెట్టి చాచాడు. నేను పమిట సర్దుకుని, రెండు చేతులూ పట్టి తీసుకున్నాను. ఆ కాగితం బరువేమిటో చెప్పలేను. "పని అయిపోయింది. చాలు," అన్నాను. ఏం అనాలో ఎవరూ చెప్పలేదు, నోటికి అదే వచ్చింది. వీరాచారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముఖం కదలకపోయినా కన్నీళ్ళు వస్తాయి.

స్టేషనుకు ఖాదర్ వచ్చాడు. గోస్పాడు ముసలామెను, మిగతా ఇద్దర్నీ అదే డాక్టరు దగ్గరికి తెచ్చానని చెప్పాడు. రైలు రాగానే ఆ నీలం గళ్ళ తువ్వాలు కిటికీలోంచి వేసి నాకు సీటు పట్టాడు. నేను కూర్చున్నాక గుర్తుపెట్టుకుని తువ్వాలు వెనక్కి తీసుకున్నాడు.

గుంటూరు

విగ్రహం లేకుండా తిరిగొచ్చానని స్టాఫ్ రూములో వేళాకోళం చేశారు. పడ్డాను. ఆ వారమే క్లాసులో మెదడు పాఠం వచ్చింది. నేను ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో, ఏం చేశానో మొత్తం చెప్పాను. వెనక బెంచీలు విన్నాయి. ఈసారి నాకు గర్వం రాలేదు.

మొదట ఇక్కడితో ఆపేశాను. ఏమవుతుందో తెలియకుండా రాయడం ఇష్టం లేక ఈ కాగితాలు బల్ల సొరుగులో పడేశాను. నిన్న, మే నెల ఎండలో, మౌనాచారి ఉత్తరం వచ్చింది. అతని రాతనే ఇక్కడ దించుతున్నాను.

"అమ్మకు నమస్కారం. మొన్న శుక్రవారం అన్న మీ సరస్వతికి కండ్లు తెరిచినాడు. నేనే అద్దం పట్టుకున్న్యా. అన్న చెయ్యి వణకలే. అద్దం పట్టుకున్న నా చెయ్యే వణికింది. లారీ వచ్చే వారం బయలుదేరుతాది. మీ కాడ ఉండే ఆ చీటీ మాత్రం ఎప్పటికీ వెనక్కి పంపొద్దని అన్న చెప్పమన్న్యాడు."